చీరమేను మీద అయిదు నిమిషాలు

మా ఊళ్ళో ఉన్న విశ్వవిద్యాలయ కేంద్రం డైరెక్టరు గారు ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, నాకు ఏమీ తెలియదు కాబట్టి నా సాయం కావాలని అడిగారు. అంత మొరటుగా అనలేదు లెండి, ఆయన మర్యాదస్తుడు. మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, చాలా దూరం చుట్టు తిరిగి ఆ మాటకి వచ్చారు. కానీ నేను దుబాసీల ఇంట పుట్టినవాణ్ణి. మాట ఏ దారిన బయలుదేరినా చివరికి ఎక్కడ ఆగుతుందో పోల్చుకోగలను.

సంగతి ఇది. విశ్వవిద్యాలయం వాళ్ళు ఏటా ఒక సభ జరుపుతారు. పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలు తాము ఏం పరిశోధిస్తున్నారో తమ శాఖ వాళ్ళకి కాకుండా మిగతా అందరికీ చెప్పాలి. రసాయనశాస్త్రం కుర్రాడు చెప్పింది చరిత్ర మాస్టారికి అర్థం కావాలి, ఆఫీసు గుమాస్తాకీ అర్థం కావాలి. మనిషికి అయిదు నిమిషాలు. కాగితం చూసి చదవకూడదు. తెర మీద ఒక్క బొమ్మే చూపించాలి. సమయం కాగానే గంట కొడతారు, ఎక్కడ ఉన్న మాట అక్కడ ఆపి దిగిపోవాలి. ఈసారి ఆ సభ యానాంలోనే, ఊరివాళ్ళని కూడా పిలిచి, తెలుగులో జరుపుతున్నారు. నెగ్గినవాళ్ళు పుదుచ్చేరి వెళ్ళి పెద్ద సభలో మాట్లాడతారు.

పిల్లలు ఒకరి ముందు ఒకరు సాధన చేస్తే లాభం లేదని, వాళ్ళకి అన్నీ తెలుసని డైరెక్టరు గారు అన్నారు. "ఏమీ తెలియని... అంటే, ఈ శాస్త్రాలతో సంబంధం పెట్టుకోని పెద్దమనిషి ఒకరు కూర్చుని వింటే బాగుంటుందండి," అని అక్కడికి చేరారు.

మా తాతగారు ఫ్రెంచి దొరల కచేరీలో దుబాసీ. ఆయన తండ్రీ దుబాసీయే. దొర మాట రైతుకీ, రైతు మాట దొరకీ చేరవెయ్యడం వాళ్ళ పని. అప్పట్లో మా ఇల్లు ఈ వీధిలో సగం ఉండేదట. ఇప్పుడు దాని ముందు భాగంలో ఒక సెల్‌ఫోన్ల దుకాణం, ఒక బేకరీ ఉన్నాయి. వెనక రెండు గదులూ ఒక వరండా నావి. పోయినదాన్ని గురించి మాట్లాడటం మా ఇంట అలవాటు లేదు కాబట్టి అక్కడితో ఆపుతాను. ఉన్నదాన్ని గురించి మాత్రం చెప్పుకోవాలి. దుబాసీకి ముందు చెవి, తరవాతే నోరు అనేవారు తాతగారు. విన్న మాటని మెత్తబరచకూడదు, పదును పెట్టకూడదు, ఉన్నది ఉన్నట్టు అవతలి ఒడ్డుకి దించాలి. ఆ లెక్కన వినడం మా వంశవృత్తి. అలాంటి పని వెతుక్కుంటూ గుమ్మంలోకి వస్తే కాదనడానికి నేనెవరిని?

ఒప్పుకున్నాను. పిల్లలే మా వరండాకి రావాలి గాని నేను ఎక్కడికీ వెళ్ళనని మాత్రం చెప్పాను.

అలా నెలరోజుల పాటు సాయంత్రాలు మా వరండా కళకళలాడింది. నియమం ఒక్కటే. నాకు అర్థం కాని చోట చెయ్యెత్తుతాను. చెయ్యి దించేదాకా వాళ్ళు ముందుకు వెళ్ళకూడదు. మొదటి రోజుల్లో నా చెయ్యి నొప్పి పుట్టింది. ఒక్కొక్కళ్ళు నోరు విప్పితే ఇంగ్లీషు మాటలు ఇటుకల్లా పేర్చేవారు, సందులో తెలుగు సున్నంలా ఉండేది. నేను చెయ్యెత్తితే ఆగి, తల గోక్కుని, అదే సంగతిని వాళ్ళ అమ్మకి చెప్పినట్టు మళ్ళీ చెప్పేవారు. అప్పుడు తెలిసేది వాళ్ళ తెలివి. చదువుకున్నవాళ్ళని నేను తక్కువ చూడలేదు. మా ఊరి పిల్లలు ఇంత దూరం వెళ్ళారని మాత్రం అంతకుముందు తెలియదు.

రసాయనశాస్త్రం కుర్రాడు మా గోడ గీకి పెచ్చు పట్టుకెళ్తానని అడిగాడు. మాలాంటి పాత ఇళ్ళ గోడలు ఎందుకు రాలిపోతున్నాయన్నదే అతని పరిశోధన. ఏటి గాలిలోని ఉప్పు గోడలోకి దిగి, వేసవిలో లోపలే గడ్డకట్టి, చోటు చాలక పైపూతని బయటికి తోస్తుందట. మా నాన్నగారు ఏటా సున్నం వేయించి, ఏటా తాపీమేస్త్రిని తిట్టేవారు. ఆ మేస్త్రులలో ఒక్కడి తప్పూ లేదని ఆ కుర్రాడు మా గోడ పక్కనే నిలబడి రుజువు చేశాడు. నాకు చాలా ముచ్చటేసింది.

గణితం కుర్రాడి దగ్గర మాత్రం చెయ్యి దించే అవకాశమే రాలేదు. అతను నొచ్చుకోలేదు. మర్నాడు మళ్ళీ వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. చివరికి ఒక తాడు ముక్క తెచ్చి నా చేతికిచ్చి ముడి వెయ్యమన్నాడు, తనొకటి వేశాడు. చూడటానికి వేరువేరుగా ఉన్న రెండు ముళ్ళు నిజానికి ఒకటేనా కాదా అని, విప్పకుండా ఎలా తేల్చాలో అదే తన చదువు అన్నాడు. నా చెయ్యి దానంతట అది దిగింది. లెక్కలంటే అంకెలనే అనుకుంటూ ఇన్నేళ్ళు బతికాను.

ఇక ఆ పిల్ల సంగతి. ఊరు దరియాలతిప్ప. జంతుశాస్త్రం. చేపల వేటకి వెళ్ళే ఇంటి పిల్ల. నన్ను 'తాతగారండీ' అని పిలిచేది. మొదటి రోజు గడగడా లాటిన్ పేర్లు చెప్పింది. నేను మొదటి వాక్యానికే చెయ్యెత్తి ఇంక దించలేదు. ఆ పిల్ల ఆగి, మెట్టు మీద కూర్చుని, "అయితే మామూలుగా చెబుతానండి. నేను చీరమేను మీద పని చేస్తున్నానండి," అంది.

ఈ చుట్టుపక్కల పుట్టనివాళ్ళకి చీరమేను సంగతి చెప్పాలి. దసరా వెళ్ళి తూర్పుగాలి తిరిగాక, గోదావరి సముద్రంలో కలిసే చోటికి గుంపులు గుంపులుగా వచ్చే సన్నటి చేప అది. దారప్పోగంత ఉంటుంది. వల కన్నాల్లోంచి జారిపోతుంది కాబట్టి చీరలు పరిచి పడతారు, పేరు అలాగే వచ్చిందంటారు. గట్టు మీద సేర్లతో కొలిచి అమ్ముతారు. చింతకాయ తొక్కు వేసి ఇగురు పెడితే ఆ వాసనకి వీధి వీధంతా లేచి కూర్చుంటుంది. నా వరకూ నేను దాని కోసం ఏడాదంతా ఎదురుచూసే మనిషిని. అది పుట్టడమే అంత ఉంటుందనీ, అంతకు మించి పెరగదనీ నా నమ్మకం. ఊళ్ళో చాలామంది నమ్మకం కూడా అదే.

"అది ఒక చేప కాదండి," అంది ఆ పిల్ల. "పిల్లలండి. రకరకాల చేపల పిల్లలు. వేసవిలో మావోళ్ళు పడవేసుకుని ఎంత దూరం వెళ్ళినా దొరకట్లేదని వట్టి చేతులతో తిరిగొస్తారే, ఆ చేపల పిల్లలు కూడా ఉన్నాయండి అందులో. అన్నీ కాదు. కొన్ని పోల్చాను. కొన్ని ఇంకా తెలీలేదు."

నా చెయ్యి సగం లేచి ఆగిపోయింది. ఈసారి అర్థం కాక కాదు.

ఆ పిల్లకి వచ్చిన చిక్కు నాకు ఆ సాయంత్రమే తెలిసింది. పరిశోధనకి కావలసిన చీరమేను కొనుక్కుంటే సరిపోదు. గట్టు మీదికి వచ్చేసరికి అందరి పట్టూ కలిసిపోతుంది. ఏ చోట, ఆటుపోట్లలో ఏ పోటుకి, ఏ గాలికి పడ్డదో తెలియాలంటే చీరలోంచి తీసిన వెంటనే, ఎవరి పట్టులోంచి వాళ్ళే పిడికెడు ఇవ్వాలి. అలా ఇచ్చే ఆడవాళ్ళకి పెద్దగా ఉన్నావిడ ఆ పిల్లకి మేనత్త. ఆవిడ మాట కాదని అక్కడ ఎవరూ పిడికెడు కాదు, చిటికెడు కూడా ఇవ్వరు. మొదటి ఏడు ఆవిడ దయవల్లే పని సాగింది. ఇంకో రెండు అదనులు సాగితే గాని పరిశోధన పూర్తి కాదు. కొత్త అదను ఇంకొద్ది రోజుల్లో మొదలవుతుంది. సరిగ్గా దాని ముందు ఈ సభ.

"ఇది విని వాళ్ళు మొహం తిప్పుకుంటే నా చదువు అక్కడితో సరండి," అంది.

డైరెక్టరు గారు మంచి ఉపాయమే చెప్పారు. ఇక్కడ చీరమేను ఎంత రుచో, ఎంత బలమో, ఏ నెలలో వస్తుందో చెప్పి చప్పట్లు కొట్టించుకోమన్నారు. పిల్లల సంగతి తరవాత ఎప్పుడో ఇంగ్లీషులో, పుదుచ్చేరిలో చెప్పుకోవచ్చు, అది విని దరియాలతిప్ప వచ్చి అడిగేవాళ్ళు ఎవరూ ఉండరు. నాకూ అందులో తప్పు కనిపించలేదు. ఆ మాటే ఆ పిల్లతో అన్నాను.

"మనిషి ఎదురుగా చెప్పనిది వెనకాల చెబితే దాన్ని మా ఇంట్లో చాడీ అంటారండి. ఇంగ్లీషులో చెప్పినా చాడీయేనండి," అంది ఆ పిల్ల.

ఊళ్ళో మా వంశానికి ఎంత పేరున్నా, ఆ మాట మా ఇంట్లో పుట్టలేదని ఒప్పుకోవాలి.

ఆ పిల్ల అక్కడితో ఊరుకోలేదు. వెళ్ళి మేనత్తని, మిగతా ఆడవాళ్ళని సభకి పిలిచి వచ్చింది. వాళ్ళు ఆటపట్టించారట. కోడలు పెళ్ళి పిలుపుకి వచ్చిందనుకుంటే ఉపన్యాసానికి పిలుస్తోందని ఒకావిడ నవ్విందట. చేపల గురించి మాకు నువ్వు చెప్పేదేమిటే అని మేనత్త అడిగిందట. వచ్చి వింటే తెలుస్తుందని ఈ పిల్ల అంటే, కుర్చీ వేస్తేనే వస్తానని ఆవిడ షరతు పెట్టిందట. ఇదంతా నాకు చెబుతూ నవ్వింది గాని, చెప్పడం అయ్యాక గ్లాసుడు నీళ్ళు అడిగి తాగింది.

చివరి వారం రోజూ వచ్చి సాధన చేసింది. బరువైన మాటలు ముందు, ఊరట మాటలు చివర అని తనే నిర్ణయించుకుంది. చీరమేనులో ఏముందో చెప్పడం, దాని వల్ల వేసవి వేట ఏమవుతోందని తను అనుమానపడుతోందో చెప్పడం, ఆఖర్న, పట్టడం మానెయ్యమని తను అనట్లేదనీ, ఏ రోజుల్లో ఏ పిల్లలు ఎక్కువగా వస్తాయో తేలితే దారి దొరకవచ్చనీ, అది తేలాలంటే ఆ ఆడవాళ్ళ సాయం లేకుండా కుదరదనీ చెప్పడం. గడియారం పెట్టి చూశాం. సరిగ్గా సరిపోయింది. అందరికీ చెప్పినట్టే ఆ పిల్లకీ చెప్పాను: మొదట్లో ఒక్క నమస్కారం చాలు, వరస వద్దు. అందరూ తలూపినట్టే ఆ పిల్లా తలూపింది.

వరస అంటే ఏమిటో మనవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. వేదికను అలంకరించిన పెద్దలకు, పూజ్యులైన గురువులకు, ఇక్కడికి విచ్చేసిన పురప్రముఖులకు అంటూ బళ్ళో జెండా వందనం నాడు మొదలుపెట్టిస్తారు. అది నాలిక మీద పచ్చబొట్టులాగా ఉండిపోతుంది. మైకు ముందు నిలబెడితే చాలు, దానంతట అదే వస్తుంది.

సభ రోజున భవనం నిండిపోయింది. పుదుచ్చేరి నుంచి ఆచార్యులు వచ్చారు. అన్ని శాఖల వాళ్ళూ, ఆఫీసు సిబ్బందీ, ఊళ్ళో పెద్దలూ వచ్చారు. పూలగుత్తులూ శాలువాలూ అయ్యాయి. నాకూ ఒక శాలువా కప్పారు. వద్దనలేదు.

మొదట వచ్చిన పిల్ల వరస మొదలుపెట్టింది. ముందు వరసలో నన్ను చూసి, దుబాసీ వంశ ప్రతిష్ఠను నిలుపుతున్న పెద్దలని నన్నూ అందులో కలిపింది. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ పిల్ల అసలు సంగతిలో సగానికి రాకముందే గంట మోగింది. రెండో కుర్రాడికీ అంతే అయింది. నెలరోజులు సాధన చేసిన పిల్లలు, ఎంతో తెలిసిన పిల్లలు, మర్యాద దగ్గర కాలు జారి పడుతున్నారు. గణితం కుర్రాడు మాత్రం నమస్కారం కూడా మరిచిపోయి, తాడు ముక్క తీసుకెళ్ళి పుదుచ్చేరి ఆచార్యుల వారి చేతిలో పెట్టాడు. మర్యాద తెలియదని నా వెనక ఎవరో గొణిగారు. గంట కొట్టేసరికి అతని మాట పూర్తయింది, ఆచార్యులు ఇంకా ముడి విప్పుతూనే ఉన్నారు. రసాయనశాస్త్రం కుర్రాడు మా గోడని తెర మీద చూపించి, నేను వరండాలో విన్నదానికన్నా బాగా చెప్పాడు.

ఆ తరవాతే దరియాలతిప్ప ఆడవాళ్ళు వచ్చారు. కూరలమ్మే వీధిలో అమ్మకం ముగించుకుని, ఖాళీ బేసిన్లు చంకన పెట్టుకుని నేరుగా వచ్చారు. కుర్చీలు నిజంగానే వేసి ఉంచారు గాని, అవి వెనక ఉన్నాయి. మేనత్త ఒకసారి కుర్చీల వైపు, ఒకసారి వేదిక వైపు చూసి, నడవలో ముందుదాకా నడిచి వచ్చి, మైకుకి ఎదురుగా నేల మీద కూర్చుంది. మిగతావాళ్ళు ఆవిడ చుట్టూ కూర్చున్నారు. ముందు వరస పెద్దలు కాళ్ళు దగ్గరికి లాక్కోవలసి వచ్చింది. నేనూ లాక్కున్నాను.

పిల్ల మైకు ముందుకి వచ్చింది. ఎదురుగా నేల మీద అత్త, కుర్చీల్లో నేను, వేదిక మీద చిన్నప్పటి మాస్టారు ఒకాయన, ఆచార్యులు. అందరినీ ఒక్కసారి చూసింది. నాలిక మీది పచ్చబొట్టు లేచింది. "వేదికను అలంకరించిన పెద్దలకు..." అని మొదలుపెట్టి, డైరెక్టరు గారిని, గైడుని, ఆచార్యుల్ని, నన్ను, బళ్ళో చదువు చెప్పిన మాస్టారిని ఒక్కొక్కరినీ తలుచుకుంటూ పోయింది. మాట ఆగడం లేదు. నేను కూర్చున్న చోటే చెయ్యెత్తాను. చూడలేదు.

"ఈళ్ళందరూ ఎవరో వాళ్ళకి తెలుసు గానీ, మేను సంగతి చెప్పవే కోడలా," అంది అత్త కింద నుంచి, మామూలు గొంతుతో.

సభంతా నవ్వింది. పిల్ల కూడా నవ్వింది. అప్పుడు మైకు పక్కకి జరిపి, అత్త మొహంలోకి చూస్తూ చెప్పడం మొదలుపెట్టింది.

అలాంటి మాట నేను ఎన్నో ఏళ్ళుగా వినలేదు. తెర మీద ఒక్కటే బొమ్మ. తడి చీర కొంగు మీద చిటికెడు చీరమేను, తలుపంత పెద్దదిగా చేసి చూపించింది. మనం గరిటెతో తీసి అన్నంలో కలుపుకునేది, అక్కడ ఒక్కొక్కటీ ఒక్కొక్క మొహంతో, ఆవగింజల్లాంటి కళ్ళతో మనల్ని చూస్తోంది. ఒకదాని మూతి పొడుగు, ఇంకొకదానికి వీపు మీద ముల్లు. పెద్దయ్యాక వాటిని మత్స్యకారులు ఏమని పిలుస్తారో ఆ పేర్లే చెప్పింది, లాటిన్ ఊసెత్తలేదు. ఒక్కో పేరుకీ నేల మీద కూర్చున్న ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పుదుచ్చేరి ఆచార్యులు ముందుకి వంగారు. ఆఫీసు గుమాస్తా నోరు తెరుచుకుని వింటున్నాడు. చివరి వరసలో ఆటోడ్రైవర్లు నిలబడి చూస్తున్నారు. తన వేలితో తెర మీద ఒక పిల్లని చూపించి, "ఇది చైత్రమాసంలో మావయ్య వలలోకి రావాల్సిందత్తా. కార్తీకంలోనే మన బేసిన్లోకి వచ్చేసింది. బేసిన్లోకి వచ్చింది మళ్ళీ వలలోకి రాదు," అంది.

గంట మోగింది.

పిల్ల నోరు తెరిచింది. గంట దగ్గర కూర్చున్నాయన వైపు చూసింది. నియమం నియమమే. నమస్కారం పెట్టి దిగిపోయింది.

వరసకి పోయిన సమయం ఎంతో, చెప్పకుండా మిగిలిపోయిన మాటలూ సరిగ్గా అంతే. అవి నాకు కంఠతా వచ్చు. లేచి నేనే చెప్పవచ్చు. కానీ దుబాసీ తనంతట తాను మాట్లాడకూడదు, పైగా అవి నా నోట్లో చెల్లే మాటలు కావు.

చప్పట్లు గట్టిగానే మోగాయి. నేల మీద కూర్చున్నవాళ్ళు కొట్టలేదు. అత్త లేచింది. బేసిన్ అంచు నేలకి తగిలి ఖంగుమంది. మిగతావాళ్ళూ లేచారు. వచ్చిన నడవలోనే, ఎటూ చూడకుండా బయటికి నడిచారు. అదే సమయానికి ఆచార్యుల వారు చెయ్యెత్తి, ఆ పిల్లని ఒక ప్రశ్న అడగాలని ఉందన్నారు. మిగతావాళ్ళని ఆయన ప్రశ్నలడగలేదు. అడిగారంటే నెగ్గినట్టేనని డైరెక్టరు గారి మొహమే చెబుతోంది.

"క్షమించండి సార్. ముందు అడగాల్సినవాళ్ళు వెళ్ళిపోతున్నారండి," అని ఆ పిల్ల వాళ్ళ వెనక పరుగెత్తింది.

నేనూ లేచి వెళ్ళాను. పరుగెత్తలేదు. మెట్లు దిగేసరికి వాళ్ళు ఆటో పక్కన నిలబడి ఉన్నారు. అత్త గొంతు పెద్దది కాదు, కానీ అందరికీ వినిపిస్తుంది.

"ఇంతమంది దొరల ముందు కూకోబెట్టి, మేం పిల్లల్ని అమ్ముకు తింటన్నామని చెప్పడానికా మమ్మల్ని పిలిచావు?"

"అలా అనలేదత్తా."

"మరి ఏమన్నావు? నాకు చెవుడు లేదు."

"ఇంకా ఉంది చెప్పాల్సింది. గంట కొట్టేశారు."

"గంట కొడితే నోట్లో మాట మింగేత్తావా? రేపు మీ మావయ్య పడవ మునుగుతుంటే గంట కొట్టారని చూత్తా కూకుంటావా?"

పిల్ల ఏడవలేదు. నేను మెచ్చుకున్న సంగతుల్లో అదొకటి. మా వరండాలో ఎన్నోసార్లు చెప్పిన ఆ మిగిలిన మాటలు చెప్పింది. అయితే సాధనలో చెప్పినట్టు కాదు. పట్టడం మానెయ్యమని తన నోట ఎప్పుడూ రాదంది. తను ఆ మేను మీదే పెరిగానంది. అన్ని రోజులూ ఒకేలా ఉండవని, కొన్ని పోట్లకి పెద్ద చేపల పిల్లలు ఎక్కువ, కొన్నింటికి తక్కువ అని అనుమానంగా ఉందంది.

"ఏ పోట్లకి?" అని అడిగింది అత్త.

"తెలీదు."

"తెలీకుండానే చెప్పావా అంతమందికి?"

"తెలిసినంత వరకే చెప్పానత్తా. తెలియంది తెలియదనే చెప్పాను. తెలియాలంటే ఈ ఏడూ పైయేడూ మీ చీరల్లో పిడికెడు పిడికెడు నాకు కావాలి. మీరు ఇవ్వకపోతే ఎప్పటికీ తెలీదు. ఇవ్వమని బలవంతం లేదు. కానీ మీకు తెలియకుండా మీ మేనుతో చదువుకుని, ఎక్కడికో పోయి చెప్పుకోవడం నాకు చేతకాదు."

ఎర్రచీర కట్టుకున్న ఒకావిడ, ఇంక పిడికెడు కాదు, పిసరు కూడా ఇవ్వొద్దని గట్టిగా అంది. చదువుకున్నవాళ్ళు ముందు లెక్క అడుగుతారు, తరవాత పోలీసుల్ని పంపుతారంది. ఆ భయం అన్యాయమైనది కాదు. పిల్ల కూడా కాదనలేదు. రేపు తన రాతలు చూసి ఎవరు ఏం చేస్తారో తన చేతిలో లేదని ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలు విన్నాక గాని అత్త ఆ పిల్ల మొహంలోకి సరిగా చూడలేదు.

ఆటో అతను హారన్ కొట్టాడు. అత్త బేసిన్ ఆటోలో పెట్టింది. ఎక్కుతూ, "నీకు ఏది తేలినా ముందు మా గట్టు మీద కూకుని మాకు చెప్పాలి. ఆళ్ళకి తరవాత. మేం ఒప్పుకోకపోతే ఒప్పుకోలేదని కూడా రాయాలి," అంది.

"రాస్తానత్తా."

"రాసింది చదివి వినిపించాలి."

"వినిపిస్తాను."

ఇస్తాననలేదు, ఇవ్వననలేదు. ఆటో వెళ్ళిపోయింది. పిల్ల అక్కడే నిలబడి ఉంది. నేను శాలువా భుజం మీంచి జారుతుంటే సర్దుకున్నాను.

లోపల మొదటి బహుమతి రసాయనశాస్త్రం కుర్రాడికి ఇచ్చారు. అతను అర్హుడే, చప్పట్లు కొట్టాను. ప్రశ్నకి నిలబడలేదు కాబట్టి ఆ పిల్ల పేరు జాబితాలోకి రాలేదు. డైరెక్టరు గారు నొచ్చుకున్నారు. పుదుచ్చేరి ఆచార్యులు మాత్రం వెళ్ళేముందు ఆ పిల్ల ఎక్కడుందని అడిగి, బయటికి వచ్చి, మెట్ల మీద నిలబడి చాలాసేపు మాట్లాడారు.

తూర్పుగాలి తిరిగింది. ఊళ్ళోకి మేను దిగిందని తెలిసిన మర్నాడు తెల్లవారుతూనే గట్టు మీదికి వెళ్ళాను. కొనడానికా, చూడటానికా అని అడిగితే చెప్పలేను. అప్పటికే క్యాన్లూ గిన్నెలూ పట్టుకుని జనం మూగి ఉన్నారు. పడవ దిగి అత్త బేసిన్ కింద పెట్టింది. ఆ పిల్ల ఖాళీ సీసాల సంచి పట్టుకుని కొంచెం దూరంగా నిలబడింది. దగ్గరికి రాలేదు, పిలవలేదు.

మా గట్టు మీద బోణీ కాకముందు ఎవరూ ఎవరికీ ఊరికే ఇవ్వరు. ఇస్తే ఆ రోజు అమ్మకం సాగదని నమ్మకం. చంటిబిడ్డ ఏడ్చినా, గుడి పూజారి అడిగినా అంతే. అందరికన్నా ముందు నిలబడ్డాయన గిన్నె చాపాడు. అత్త ఆయన్ని ఆగమని చెయ్యి చూపించి, బేసిన్లో ముంచిన పిడికిలి అలాగే పట్టుకుని పిల్ల వైపు తిరిగింది. పిల్ల గబగబా వచ్చి సీసా మూత తీసింది. అత్త అందులో వేసింది. వెలుతురుకి పెట్టి చూసి, ఇంకొంచెం వేసింది.

"బోణీ కాకుండానే?" అంది పక్క బేసిన్ ముందు కూర్చున్న ఎర్రచీర ఆవిడ.

"ఊరికే ఇచ్చింది కాదులే," అంది అత్త, కొలిచే సేరు అందుకుంటూ.

పిల్ల సీసా మూత బిగించి, ఏ చోటు, ఏ పోటు, ఏ గాలి అని అత్తని అడిగి చీటీ మీద రాసి అంటించింది. తరవాత రెండో సీసా తీసి పక్క బేసిన్ దగ్గరికి జరిగి, ఏమీ అడగకుండా మోకాళ్ళ మీద కూర్చుంది. ఎర్రచీర ఆవిడ కాసేపు ఆ సీసానీ, కాసేపు అత్తనీ చూసింది. విసుక్కుంటూ చేతి గాజులు పైకి తోసుకుని, తన బేసిన్లో చెయ్యి ముంచింది.